ఒక పక్క స్వరతంత్రి పడిపోతే కారణం ఎక్కడుందో ఎలా వెతకాలి

మా మావయ్యది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. లారీకి అవతల నిలబడి రేటు చెబితే ఇవతల కాయలు లెక్కపెట్టేవాళ్లకి వినపడే గొంతు ఆయనది. ఒక ఏడాది సంక్రాంతి వెళ్లాక ఆ గొంతు బొంగురుపోయింది. చలికాలం అన్నారు, పిండివంటల నూనె అన్నారు, ఆయన మెడికల్ షాపులో చప్పరించే బిళ్లలు కొనుక్కున్నారు. తగ్గకపోయేసరికి దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళితే గ్యాస్ పైకి తన్ని గొంతు పాడైందని మాత్రలు రాశారు, అవి అయిపోతే మళ్లీ అవే రాశారు, అలా మూడు నెలలు గడిచాయి. ఆ మూడు నెలల్లో ఆయన గొంతు లోపల ఏముందో ఒక్కరూ చూడలేదు. నేను స్పీచ్ థెరపిస్టుని, అయినా నాకూ తెలియలేదు, ఎందుకంటే ఫోన్ చేస్తే అత్తయ్యే మాట్లాడేది. గొంతు పోయినవాళ్లు అన్నిటికంటే ముందు మానేసేది ఫోన్.

ఉగాదికి ఇంటికొచ్చాను. మావయ్య మంచినీళ్ల గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగారో లేదో పొలమారింది. అత్తయ్య నెత్తిమీద తడుతూ "ఎవరో తలుచుకుంటున్నారు" అంది. రోజూ ఇంతేనా అనడిగితే "ఈమధ్య నీళ్లు తాగినప్పుడల్లా ఇంతేనమ్మా" అంది. గాలి పోతున్న గొంతు, నీళ్లకి పొలమారడం, ఈ రెండూ ఒకే మనిషిలో కనపడితే నాకు వెంటనే వచ్చే అనుమానం ఒక పక్క స్వరతంత్రి పడిపోయిందేమోనని. చెయ్యి పడిపోయింది, కాలు పడిపోయింది అంటాం కదా, అలాగే గొంతులో కూడా ఒక పక్క పడిపోతుంది. ఆ మూడు నెలలు ఇంకో ఇంట్లో పోకూడదని ఇది రాస్తున్నాను, కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు నరం దారి తెలుసుకోండి

కంఠమణి వెనకాల రెండు స్వరతంత్రులు తలుపు రెక్కల్లా ఉంటాయి. ఊపిరి పీల్చినప్పుడు తెరుచుకుంటాయి, మాట్లాడినా మింగినా దగ్గినా దగ్గరికొచ్చి మూసుకుంటాయి. ఒక రెక్క కదలకుండా నిలబడిపోతే మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి కారిపోయి గొంతు పేలవమవుతుంది, నీళ్లు వెళ్లకూడని దారిలోకి జారి పొలమారుతుంది, దగ్గితే దగ్గులో బలం ఉండదు.

ఇందులో చాలాసార్లు స్వరతంత్రికి ఏ జబ్బూ ఉండదు. దాన్ని కదిపే నరానికి దారిలో ఎక్కడో దెబ్బ తగిలి ఉంటుంది. ఆ నరం దారి విచిత్రంగా ఉంటుంది. మెదడు అడుగు నుంచి వేగస్ అనే పెద్ద నరం మెడ గుండా కిందికి దిగుతుంది, గొంతు పక్కనుంచే వెళుతూ కూడా ఈ కొమ్మని అక్కడ వదలదు, ఛాతీ వైపు తీసుకెళ్లి వదులుతుంది. ఎడమ పక్క కొమ్మ గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపు కిందనుంచి చుట్టు తిరిగి, శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య గాడిలో పైకి ఎక్కి, థైరాయిడ్ వెనకనుంచి గొంతులోకి వస్తుంది. కుడి పక్కది అంత దూరం పోదు, కుడి చేతికి వెళ్లే పెద్ద రక్తనాళం కింద చుట్టు తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. ఎడమ దారి పొడుగు, పైగా ఊపిరితిత్తుల పక్కనుంచి, గుండె పక్కనుంచి వెళుతుంది, అందుకే ఎడమ తంత్రి పడిపోవడమే ఎక్కువ. ఈ నరం సంగతి రెండో శతాబ్దంలోనే రోమ్‌లో గాలెన్ అనే వైద్యుడు చూపించాడు, అరుస్తున్న పందికి ఈ నరాలు కోస్తే అరుపు ఆగిపోయింది.

మన డెల్టాలో శివారు చేనుకి నీరందకపోతే చేలో తవ్వుకుంటూ కూర్చోం. బోదె గట్టు పట్టుకుని ఎగువకి నడుస్తాం, ఎక్కడ గండి పడిందో, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డం పడిందో, లాకు దగ్గర ఏం జరిగిందో చూసుకుంటూ పోతాం. ఇక్కడ గొంతే శివారు చేను. గొంతుకి ఎన్ని బిళ్లలు చప్పరించినా, ఎంత ఉప్పునీళ్లు పుక్కిలించినా ఎగువన ఉన్న అడ్డం పోదు. కింద చెప్పే పనులన్నీ ఆ గట్టు పట్టుకుని నడవడానికే.

మొదటి పని: ఇంట్లోనే మూడు సంగతులు చూడండి

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, నిండా ఊపిరి పీల్చుకుని, మామూలు గొంతుతో "ఆ…" అని ఎంతసేపు సాగుతుందో చూడండి. మామూలుగా పెద్దవాళ్లకి 15 సెకన్లు దాటి సాగుతుంది. తంత్రుల మధ్య సందు ఉన్నవాళ్లకి 10 లోపే, ఒక్కోసారి నాలుగైదు సెకన్లకే అయిపోతుంది. మూడుసార్లు చేసి అన్నిటికంటే ఎక్కువ వచ్చినది రాసుకోండి.

రెండోది, గట్టిగా ఒక్కసారి దగ్గమనండి. మంచి దగ్గు 'ఠక్' మని మొదలవుతుంది, ఎందుకంటే తంత్రులు ముందు గట్టిగా మూసుకుని ఒక్కసారి తెరుచుకుంటాయి. ఒక రెక్క పడిపోతే ఆ ఠక్కు ఉండదు, ఊదినట్టు ఒక నిట్టూర్పు లాంటి దగ్గు వస్తుంది. ఇది ఒకసారి విన్నారంటే మళ్లీ మర్చిపోరు.

మూడోది నీళ్లు. కావాలని గ్లాసుడు తాగించి పరీక్ష చేయకండి, రోజూ భోజనం దగ్గర ఏం జరుగుతోందో గమనించండి చాలు. అన్నానికి పొలమారడం లేదు, నీళ్లకి, టీకి, మజ్జిగకి పొలమారుతోంది అంటే అది గట్టి సూచన. ఎవరో తలుచుకోవడం వల్ల వారంలో నాలుగుసార్లు పొలమారదండి.

ఈ మూడూ ఉన్నంత మాత్రాన జబ్బు ఇదేనని కాదు, డాక్టర్ దగ్గరికి ఎంత తొందరగా వెళ్లాలో తేల్చుకోవడానికి మాత్రమే. గొంతు బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే ఎవరికైనా సరే లోపల చూడాల్సిందే. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లు, తెమడలో రక్తం పడుతున్నవాళ్లు, మెడలో గడ్డ తగులుతున్నవాళ్లు, ముద్ద దిగనివాళ్లు, ఊరికే బరువు తగ్గిపోతున్నవాళ్లు, ఈమధ్యే మెడకో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్లు అన్ని వారాలు ఆగక్కర్లేదు. ఊపిరి పీల్చేటప్పుడు ఈలలాంటి చప్పుడు వస్తూ ఆయాసపడుతుంటే అది రెండు పక్కలా మూసుకుపోతున్న గుర్తు కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి. గొంతు మారడంతోపాటు అకస్మాత్తుగా తల తిరగడం, ముఖంలో ఒక పక్క తిమ్మిరి, నడక తూలడం, ముద్ద అస్సలు మింగలేకపోవడం వచ్చినా అంతే, అది మెదడు వెనక భాగంలో స్ట్రోక్ కావచ్చు, అక్కడ గంటలే లెక్క.

రెండో పని: గొంతు లోపల చూపించుకోండి

ఈ పని ఎగ్గొట్టి ఇంకేదీ చేయకండి. నాలుక బయటపెట్టించి టార్చ్ వేస్తే టాన్సిల్స్ కనపడతాయి, స్వరతంత్రులు కనపడవు, అవి ఇంకా కిందుంటాయి. ఈఎన్‌టీ డాక్టర్ అద్దంతో గానీ కెమెరాతో గానీ చూడాలి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, అమలాపురం, రాజానగరం, ఏలూరు మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలు ఉన్నాయి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "నెల నుంచి గొంతు రావట్లేదు, కెమెరా పెట్టి చూడాలి" అని చెప్పండి.

కెమెరా అనగానే భయపడేవాళ్లు చాలామంది, కాబట్టి ఏం జరుగుతుందో చెబుతాను. కుర్చీలో కూర్చోబెడతారు. ముక్కులో మొద్దుబార్చే మందు కొడతారు, అది గొంతులోకి జారి చేదుగా ఉంటుంది, కాసేపు మింగుడు పడనట్టు అనిపిస్తుంది, అది మందు వల్లే. పెన్సిల్ కంటే సన్నగా, మెత్తగా వంగే గొట్టం ముక్కులోంచి నెమ్మదిగా పంపిస్తారు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి గానీ నొప్పి పెద్దగా ఉండదు. "ఈ…" అనమంటారు, ముక్కుతో గట్టిగా పీల్చమంటారు, దగ్గమంటారు. తెర మీద చూస్తే 'ఈ' అన్నప్పుడు ఒక తెల్లటి రెక్క మధ్యకి వస్తుంది, పీల్చినప్పుడు పక్కకి పోతుంది. రెండోది మాత్రం రాదు, పోదు, ఉన్నచోటే ఉంటుంది. మావయ్యకి చూసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కుడి రెక్క మధ్య గీత దాటి ఎడమదాన్ని అందుకోవాలని చూస్తోంది, ఎడమది కాస్త వంగి, సన్నబడి, అలా ఉండిపోయింది.

కదిలే రెక్క అలా గీత దాటి వచ్చి సందు మూయడం నేర్చుకుంటుందే, అక్కడ ఒక ప్రమాదం ఉంది. కొందరికి నరం ఏమాత్రం కోలుకోకపోయినా రెండు మూడు నెలల్లో గొంతు బాగుపడినట్టు వినపడుతుంది. "తగ్గిపోయింది కదా, ఇంక స్కాన్ ఎందుకు" అంటారు. గొంతు బాగుపడినా కారణం పోయినట్టు కాదు, ఎగువన ఉన్నది అక్కడే పెరుగుతూ ఉండొచ్చు.

డాక్టర్ని మూడు మాటలు అడిగి చీటీ మీద రాయించుకోండి: ఏ పక్కది, పూర్తిగా కదలడం లేదా లేక కొంచెం కదులుతోందా, తంత్రి మీద గడ్డ గానీ పుండు గానీ ఉందా. వీలైతే ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో తీసుకోండి, ఆరు నెలల తర్వాత పోల్చి చూసుకోవడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

మూడో పని: గట్టు వెంట నడవండి

ఒక కాగితం తీసుకుని, గొంతు మారిన మొదటి రోజు ఏదో, అంతకు ముందు ఆరు నెలల్లో ఏమేం జరిగిందో రాయండి. నిద్ర లేచేసరికి పోయిందా, మెల్లగా పోయిందా అన్నది కూడా. కారణాలు ఒక్కొక్కటీ చెబుతాను, మీ కాగితంతో పోల్చుకోండి.

ఆపరేషన్ జరిగిందా? పెద్దవాళ్లలో ఇది ముందు వరసలో ఉండే కారణం. థైరాయిడ్ ఆపరేషన్ అందరికీ తెలుసు, నరం సరిగ్గా ఆ గ్రంథి వెనకనుంచే వెళుతుంది. అనుభవం ఉన్న సర్జన్ల చేతుల్లో శాశ్వతంగా పడిపోయేది నూటికి ఒకరిద్దరికి, కొన్నాళ్లు మొరాయించి మళ్లీ కోలుకునేది అంతకంటే ఎక్కువమందికి. కానీ థైరాయిడ్ ఒక్కటే కాదు. మెడ ఎముకల డిస్క్‌కి ముందువైపు నుంచి చేసే ఆపరేషన్, మెడలో మెదడుకి వెళ్లే రక్తనాళం శుభ్రం చేసే ఆపరేషన్, గుండె బైపాస్, వాల్వ్ మార్పిడి, అన్నవాహిక ఆపరేషన్, ఊపిరితిత్తి ఆపరేషన్, వీటన్నిటిలోనూ ఈ నరం దారిలోకి వస్తుంది. గుండె ఆపరేషన్ చేయించుకున్నాయన గొంతు పోయిందంటే ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు, ఆ రెండింటికీ సంబంధం ఉందని తట్టదు. అసలు మెడలో ఛాతీలో చెయ్యి పెట్టకుండా వేరే ఏ ఆపరేషన్‌కైనా మత్తిచ్చి గొంతులో గొట్టం వేస్తారు కదా, ఆ గొట్టం బుడగ ఒత్తుకున్నా నరం దెబ్బతినొచ్చు, గొంతులోని చిన్న కీలు పక్కకి తప్పుకున్నా తంత్రి పడిపోయినట్టే కనపడుతుంది. గొట్టం వల్ల మామూలుగా వచ్చే బొంగురు కొద్ది రోజుల్లో తగ్గిపోవాలి, రెండు వారాలు దాటితే చూపించుకోండి.

థైరాయిడ్ ఆపరేషన్ ఇంకా జరగలేదా, అయితే ముందే స్వరతంత్రులు కెమెరాతో చూసి రాయమని అడగండి. కొన్ని గడ్డలు ఆపరేషన్‌కి ముందే నరాన్ని పట్టేసి ఉంటాయి, అది ముందు తెలిస్తే సర్జన్ ప్లానే మారుతుంది. అయిపోయాక గొంతు రాకపోతే భయపడకుండా, గొడవ పెట్టుకోకుండా సర్జన్‌నే అడగండి, నరం కనపడిందా, చివర్లో తెగకుండా ఉందా అని. నరం బాగానే ఉందంటే కోలుకునే ఆశ ఎక్కువ. తెగిందని తెలిస్తే ఎదురుచూపు అనవసరం, వైద్యం వేరే దారిలో మొదలెట్టాలి. ఆ జవాబు మీద మీ వచ్చే సంవత్సరం ఆధారపడి ఉంటుంది, మొహమాటపడకండి.

ఆపరేషన్ లేదు, దెబ్బ తగల్లేదు, గొంతు మెల్లగా పోయింది. అప్పుడు ముందు లేదని తేల్చుకోవాల్సింది క్యాన్సర్. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ మావయ్యకి అదే. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ, బృహద్ధమని వంపు దగ్గర లింఫు గ్రంథులు, మనం బిళ్లలు అంటాం, అవి ఉబ్బి నరాన్ని పట్టేశాయి. ఊపిరితిత్తులది ఒక్కటే కాదు, అన్నవాహిక క్యాన్సర్, థైరాయిడ్ క్యాన్సర్, వేరేచోట మొదలై ఛాతీలోని లింఫు బిళ్లల్లోకి పాకినవి కూడా ఇలాగే బయటపడతాయి. కొందరిలో దగ్గు లేదు, నొప్పి లేదు, మొట్టమొదటి గుర్తు గొంతు పోవడమే. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టలు చుట్టుకుని కాల్చిన తరం ఇంకా మన ఊళ్లలో ఉంది, ఆ తాతల్లో ఎవరి గొంతయినా మారితే ముసలితనం అని సరిపెట్టుకోకండి. పొగ తాగనివాళ్లకీ రావచ్చు, కాబట్టి "మాకు అలవాట్లు లేవు" అని స్కాన్ ఎగ్గొట్టకండి.

క్షయ. మన దేశంలో దీన్ని ఎప్పుడూ లెక్కలో ఉంచుకోవాలి. ఛాతీలో బిళ్లలు ఉబ్బి నరాన్ని నొక్కుతాయి, లేదా ఎప్పుడో వచ్చి మానిన క్షయ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కట్టి నరాన్ని లాగేస్తుంది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే తెమడ పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా మందులూ ఉచితమే. బిళ్లలు నొక్కడం వల్ల పడిపోయినదైతే మందులు వాడుతుంటే గొంతు తిరిగి వచ్చే అవకాశం ఉంది.

గుండె. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె వాల్వ్ ఇరుకైనవాళ్లలో ఎడమ పై గది ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి ఊపిరితిత్తుల రక్తనాళం పైకి లేచి, దానికీ బృహద్ధమనికీ మధ్య నరం నలిగిపోతుంది. దీన్ని 1897లో వియన్నాలో ఆర్ట్‌నర్ అనే డాక్టర్ మొదట రాశాడు, ఇప్పటికీ ఆయన పేరే వాడతారు. బృహద్ధమని ఉబ్బినా ఇదే జరుగుతుంది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు, వీటితోపాటు గొంతు మారితే గుండెకి ఎకో తీయించమని అడగండి. ఇది కూడా ఎడమ పక్కే.

తల అడుగు. కపాలం అడుగున నరాలు బయటికొచ్చే రంధ్రాల దగ్గర గడ్డ ఉంటే వేగస్ ఒక్కటే పోదు, పక్కనున్న నరాలూ పోతాయి. నాలుక బయటపెడితే ఒక పక్కకి వంగుతోందా, ఒక భుజం జారిందా, మింగితే నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయా చూడండి. వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌కి చెప్పండి, అప్పుడు ఎమ్‌ఆర్‌ఐ అవసరమవుతుంది.

దెబ్బలు, మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. బైక్ మీంచి పడి మెడకి హ్యాండిల్ తగలడం, మెడకి గాయం అవడం అందరూ గుర్తుపెట్టుకునే కారణాలే. క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ లాంటి మందులు నరాల్ని దెబ్బతీస్తాయి, మీకు అలాంటి వైద్యం జరుగుతుంటే ఆ డాక్టర్‌కే ముందు చెప్పండి.

ఇంక చివరిది, ఏ కారణమూ దొరకనివాళ్లు. వీళ్లు కొద్దిమంది కాదు. జలుబో జ్వరమో వచ్చిన కొద్ది రోజులకి గొంతు పోతుంది, వైరస్ నరాన్ని దెబ్బతీసిందని అనుకుంటారు. చాలామందికి నెలల మీద ఎంతో కొంత తిరిగి వస్తుంది. అయితే వైరస్ అన్న మాట అన్నీ వెతికి, ఏదీ లేదని తేలాక చివర్లో అనాల్సింది, మొదటి రోజే అనేది కాదు. గ్యాస్ సంగతీ ఇక్కడే చెబుతాను, కడుపులో ఆమ్లం పైకి తన్నితే గొంతు మంట పుడుతుంది, బొంగురుపోతుంది కూడా, కానీ స్వరతంత్రి పడిపోదు.

నాలుగో పని: సరైన స్కాన్ అడగండి

ఆపరేషన్ అయిన వెంటనే గొంతు పోయి, కారణం తేటతెల్లంగా ఉంటే చాలాసార్లు స్కాన్ అక్కర్లేదు. మిగతా అందరికీ కావాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. గొంతు జబ్బు కదా అని మెడ వరకే సీటీ స్కాన్ తీస్తారు, అంతా బాగుందని రిపోర్ట్ వస్తుంది, ఛాతీలో ఉన్నది ఛాతీలోనే ఉండిపోతుంది. చీటీ మీద కపాలం అడుగు నుంచి ఛాతీలో బృహద్ధమని వంపు కిందిదాకా, రంగు ఇంజక్షన్‌తో అని ఉందో లేదో చూసుకోండి. నరం దారి మొత్తం ఒకే స్కాన్‌లో రావాలి. ఛాతీ ఎక్స్‌రే తొందరగా తీసేయొచ్చు, మంచిదే, కానీ ఎక్స్‌రే బాగుంది కదా అని అక్కడితో ఆగొద్దు, గుండె నీడ వెనక చిన్న బిళ్లలు అందులో కనపడకపోవచ్చు.

రంగు ఇంజక్షన్ అంటే కిడ్నీల రక్తపరీక్ష ముందు చేస్తారు. షుగర్ మాత్రలు వాడుతున్నా, ఏ మందుకైనా ఎలర్జీ ఉన్నా, కడుపుతో ఉన్నా చెప్పండి. పాత ఎక్స్‌రేలు, పాత రిపోర్టులు ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, మూడేళ్ల కిందటి ఎక్స్‌రేలో ఉన్న మచ్చా ఇప్పుడున్న మచ్చా ఒకటేనా అన్నది డాక్టర్‌కి చాలా పెద్ద సమాచారం. థైరాయిడ్ దగ్గర గడ్డ తగిలితే అల్ట్రాసౌండ్ చేస్తారు. లిస్టు ఇచ్చి అన్ని రక్తపరీక్షలూ చేయించుకోమంటే ఏది దేనికని అడగండి, లక్షణాలు ఏవీ లేనప్పుడు ఆ లిస్టుతో పెద్దగా ఏమీ తేలదు. డబ్బుకి ఇబ్బంది అయితే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో, అంటే మనం ఆరోగ్యశ్రీ అనే అలవాటున్నదే, ఏది వర్తిస్తుందో అడిగాకే బయట డబ్బు కట్టండి.

ఐదో పని: కారణం తేలేలోపు తిండి జాగ్రత్త

నీళ్లు పదేపదే ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది, పెద్దవాళ్లలో అదే ప్రాణం మీదకి తెస్తుంది. పలచటివి ప్రమాదం, చిక్కటివి నయం. పలచటి మజ్జిగ, చారు, గ్లాసెత్తి గటగటా తాగే నీళ్లు తగ్గించి, చిక్కటి రాగి జావ, పెరుగన్నం, మెత్తగా చేసిన పప్పన్నం పెట్టండి. నీళ్లు చిన్న గుక్కలుగా, గడ్డం ఛాతీ వైపు కాస్త దించి తాగమనండి. పడిపోయిన పక్కకి తల తిప్పి మింగితే చాలామందికి సులువుగా ఉంటుంది, ఎడమది పడిపోతే ఎడమ భుజం వైపు చూస్తూ మింగడం. ఒక్కొక్కరికీ ఒక్కో పద్ధతి కుదురుతుంది కాబట్టి స్పీచ్ థెరపిస్టు దగ్గర ఒకసారి చూపించుకుని మొదలెట్టండి. టీవీ ముందు కూర్చుని తినడం, తింటూ మాట్లాడటం మానిపించండి. పూతరేకులు పెట్టొద్దు, ఆ పొడి పంచదార, ఆ పలచటి రేకు ఊపిరితో పాటు లోపలికి వెళతాయి. మావయ్యకి ఆత్రేయపురం నుంచి ఎవరో ప్రేమగా తెచ్చిపెడితే సగం రేకుకే ముఖం నల్లబడేంత దగ్గారు. తిన్నాక గొంతు తడి తడిగా, గురగురగా వినపడినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

గొంతు సంగతికొస్తే, గట్టిగా అరిచి గొంతు తెచ్చుకోవాలని చూడొద్దు. మెడ నరాలు ఉబ్బేలా నెట్టి మాట్లాడటం అలవాటైతే తర్వాత మాన్పించడం నాకు చాలా కష్టం. గుసగుసలాడినా లాభం లేదు. దగ్గరికొచ్చి, మొహం చూస్తూ, చిన్న చిన్న మాటలు. చెరువు గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీదున్న మనిషిని కేకెయ్యాల్సిన పని ఉంటే ఈల కొనివ్వండి, నేను ఇద్దరు రొయ్యల రైతులకి కొనిచ్చాను, వాడుతున్నారు.

ఆరో పని: గొంతుకి వైద్యం ఎప్పుడు

కారణానికి వైద్యం ఒక పక్క, గొంతుకి వైద్యం ఇంకో పక్క, రెండూ ఒకేసారి నడవొచ్చు. నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, అందుకే కోలుకునే ఆశ ఉన్నప్పుడు శాశ్వత ఆపరేషన్‌కి 6 నుంచి 12 నెలలు ఆగమంటారు. అయితే ఆగడమంటే గొంతు లేకుండా, పొలమారుతూ కూర్చోవడం కాదు. పడిపోయిన తంత్రిలోకి జెల్ లాంటి పదార్థం ఇంజక్షన్ చేసి లావు చేస్తే రెండో రెక్క దాన్ని అందుకుంటుంది. ఆ జెల్ కొన్ని నెలల్లో కరిగిపోతుంది, ఈలోపు నరం కోలుకుంటే సరే, లేకపోతే మళ్లీ చేస్తారు. ఈ సంగతి చాలామందికి చెప్పరు, మీరే అడగండి.

ఏడాదైనా కదలకపోతే థైరోప్లాస్టీ ఉంది. జపాన్‌లో ఇస్షికి అనే సర్జన్ 1974లో ఈ పద్ధతులను ప్రచురించారు. మెడ మీద చిన్న గాటు పెట్టి, మృదులాస్థిలో కిటికీ లాంటిది తెరిచి, సిలికాన్ ముక్క పెట్టి తంత్రిని మధ్యకి జరుపుతారు. పూర్తి మత్తు ఇవ్వకుండా చేస్తే పేషెంట్ బల్ల మీద పడుకునే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతుంటారు, గొంతు ఎక్కడ బాగా పలికితే ముక్క అక్కడ నిలుపుతారు. నరాన్ని మెడలోని ఇంకో నరంతో కలిపే ఆపరేషన్ కూడా ఉంది, దాని ఫలితానికి నెలలు పడుతుంది, కాబట్టి వయసు, ఆరోగ్యం చూసి చెబుతారు.

పెద్ద జబ్బు బయటపడిన ఇంట్లో "ఇప్పుడు గొంతెందుకు, ముందు ప్రాణం చూద్దాం" అంటారు. అలా అనకండి. కీమోకి వెళ్లే మనిషికి నొప్పి ఎక్కడుందో చెప్పడానికి, మనవరాలితో మాట్లాడటానికి, నీళ్లు పొలమారకుండా తాగడానికి ఆ ఇంజక్షన్ కావాలి. అలాంటివాళ్లకి 6 నెలలు ఆగాల్సిన అవసరమే లేదు. మావయ్యకి కీమో రెండో విడతకి ముందే చేయించాం. తర్వాత ఆయన పద్నాలుగు నెలలు ఉన్నారు, ఆ పద్నాలుగు నెలలూ మాట్లాడారు.

ఇంకొక్క పని, ఇది ఇవాళే మొదలెట్టొచ్చు. ఒకే వాక్యం ఎంచుకుని నెలకోసారి ఫోన్‌లో రికార్డు చేయండి, తేదీ పేరుగా పెట్టి దాచండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదటిదీ తాజాదీ పక్కపక్కన వినిపించండి. మావయ్య ఎంచుకున్న వాక్యం "ఇవాళ అంబాజీపేటలో వెయ్యి కాయ ఎంత పలికిందమ్మా". నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. మొదటి దాంట్లో అంబాజీపేట దగ్గరే గాలి అయిపోయి ఊపిరి తీసుకుంటారు. ఇంజక్షన్ తర్వాతి దాంట్లో చివర 'అమ్మా' దాకా ఒకే ఊపిరిలో వస్తుంది, వెనకాల అత్తయ్య రేటు చెబుతున్నది కూడా వినపడుతుంది.